కుజలోకం వారి మనోభావాలు

అంగారక గ్రహం మీద గాలి ఉందా, నీరు ఉందా అని పెద్ద పెద్ద దేశాలు ఇంకా తవ్వి చూస్తూనే ఉన్నాయి. అక్కడివాళ్ళకి మనోభావాలు ఉన్నాయన్న సంగతి మాత్రం మా సోమేశ్వరపట్నం ఆర్డీవో ఆఫీసులో తేలింది. అందుకు రాకెట్టు అవసరం పడలేదు. ఒక సర్క్యులరు సరిపోయింది.

నేను బీమా ఏజెంటుని. మనుషులు ఎప్పుడో ఒకప్పుడు పోతారని గుర్తుచేసి బతుకుతుంటాను. సాయంత్రాలు మా ఊరి ఫిల్మ్ సొసైటీకి కార్యదర్శిని. ఆ పదవికి ఇంతవరకూ పోటీ రాలేదు, ఎందుకంటే కుర్చీలు మోయాల్సింది కార్యదర్శే.

నాకు పందొమ్మిది వందల యాభైల నాటి వైజ్ఞానిక కల్పనలంటే పిచ్చి. అట్ట మీద గాజు కూజా తలకి బోర్లించుకున్న వీరుడు, వెనకాల తోక మీద నిలబడ్డ రాకెట్టు, పైన రెండు చందమామలు. అలాంటి పుస్తకం పాత పేపర్ల దుకాణంలో కనబడితే ఆ పూట ఏ క్లయింటుకీ చావు గుర్తుచేయను. రెండువేల సంవత్సరం నాటికి అన్నం బదులు మాత్రలు మింగుతామని, ఆఫీసుకి ఎగిరి వెళ్తామని రాశారు ఆ మహానుభావులు. మాత్రల సంగతి నిజమే అయింది, కాకపోతే అన్నం తిన్నాక మింగుతున్నాం. ఎగరడం కూడా మా బైపాస్ రోడ్డు గోతుల దగ్గర రోజూ జరుగుతోంది. వాళ్ళు తప్పింది ఒక్కచోటే. ఆ కథల్లో కుజుడి నుంచి సందేశం వస్తే ప్రపంచ మండలి సాయంత్రానికల్లా జవాబు పంపేస్తుంది. కిరణాల తుపాకీని ఊహించినవాళ్ళు ఆర్డీవో ఆఫీసుని ఊహించలేకపోయారు.

కిందటేడు వానాకాలంలో ‘పాతకాలపు రేపు’ అని ఒక ఉత్సవం తలపెట్టాం. ఆ కాలం పుస్తకాల ప్రదర్శన, నాలుగైదు సినిమాలు. అన్నిటికీ తలమానికం ‘కుజలోక కుట్ర’. మన భాషలోనే తీసిన బొమ్మ. ఒక పొగాకు వ్యాపారి డబ్బు పెట్టి తీశాడు, అది మూడు రోజులాడింది, ఆ తరవాత ఆయన పొగాకు జోలికి కూడా పోలేదు. ప్రింటు ఆయన వారసుల అటక మీద దొరికింది. డబ్బా మూత తీస్తే గదంతా పులిసిన వాసన. మోహినీ టాకీసు ఇప్పుడు సిమెంటు గోడౌను అయినా పాత ప్రొజెక్టరు మాత్రం ఇంకా పనిచేస్తుంది. దాని ఆపరేటరు రీలు చివర వేలితో వంచి చూసి పెదవి విరిచాడు.

“ఒక్కసారి ఆడుద్దండి. ఎనకాలే పెళుసులు పెళుసులుగా ఇరిగిపోద్ది. రెండోసారి తమరడిగినా అదాడదు.”

ఒక్కసారి చాలు మాకు. ఆ ఒక్కసారీ చూడవలసిన మనిషి మా ఊళ్ళోనే ఉన్నాడు. సత్యలింగం మాస్టారు. ఎనభై అయిదు దాటాయి. జీవితమంతా నాటకాలాడి, నాటకాలు నేర్పిన మనిషి. చేసిన సినిమా ఇదొక్కటే. అందులో కుజ చక్రవర్తి ఆయనే. ముఖానికి రేకు ముసుగు తొడిగారు, కాబట్టి ముఖం ఆయనది కాదు. గొంతు బాగాలేదని మద్రాసులో ఇంకెవరి చేతో చెప్పించారు, కాబట్టి మాటా ఆయనది కాదు. మరి ఆయనదేమిటి అంటే, నడక.

“కుజుడి మీద మన బరువు మూడోవంతేనంటయ్యా,” అని చెప్పారాయన నాతో. “డైరెక్టరు ఆ మాట చెప్పి, ‘మనిషిలా నడవొద్దు, జంతువులా నడవొద్దు, ఎలా నడుస్తావో నీ ఇష్టం’ అన్నాడు. నేనెళ్ళి చేలగట్టు మీద కూర్చున్నాను. కొంగని చూశాను. కాలెత్తుద్ది, ఎత్తి ఆపుద్ది, దించాలా వద్దా అని ఆలోచించుకున్నట్టుంటుంది. అదీ తీసుకున్నాను. ఆ రేకు ముసుగు కాక్కి మెడంతా బొబ్బలెక్కితే ఆసుపత్రిలో పడేశారు. అక్కణ్ణుంచి నాటకాల పార్టీతో ఒరిస్సా పోయాను. తిరిగొచ్చేసరికి బొమ్మెత్తేశారు. నా నడక నేను చూసుకోలేదు బాబూ.”

ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది దసరా దాటదని డాక్టరు చెప్పాడు. అంచేత మా ఉత్సవం దసరాకి ముందే పెట్టాం, చక్రవర్తి నడుస్తున్న బొమ్మతో గోడలకి పోస్టర్లు అంటించాం. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే.

పోస్టరు చూసి ఎవరో ఒక పౌరుడు ఫిర్యాదు చేశాడు. పౌరుడంటే పేరు రాయని మనిషి. ఆర్డీవో సుదర్శనం గారు నన్ను పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు మామూలుగానే మాట్లాడతారు. ఫైలు మీద చెయ్యి పడితే మాత్రం భాష మారిపోతుంది.

“చూడండి కార్యదర్శిగారూ. ‘ఏ వర్గమును, సమూహమును లేక నివాసితులను చిత్రించు ప్రదర్శనకైనను సదరు వర్గము వారి నిరభ్యంతరమును విధిగా పొందవలెను’ అని సర్క్యులరు. ఇందులో భూమ్మీది నివాసితులు అని ఎక్కడైనా ఉందా?”

“లేదండి.”

“లేని మాట మనం చేర్చగలమా?”

“కుజుడి మీద ఎవరూ లేరు కదండీ!”

“లేరని ధ్రువపత్రం తెచ్చారా?”

 ఆయన పోస్టరు బల్ల మీద పరిచి, చక్రవర్తి గాల్లో ఆపిన కాలి మీద పెన్ను పెట్టారు.

“ఈ నడక ఏమిటి? ఒక కాలు పైకెత్తి, దించకుండా... ఇది సదరు నివాసితుల నడకను హేళన చేయుట అగునా, కాదా? అది తేల్చవలసింది నేనూ కాదు, మీరూ కాదు. సదరు నివాసితులే.”

“వాళ్ళనెక్కడ తేనండీ?”

“అది నా పరిధిలోకి రాదు,” అన్నారు. అనడమేమో అన్నారు గానీ, పరిధి అన్న మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. కుజుడు ఎవరి పరిధిలోకి వస్తాడు? రెవెన్యూకి రాడు, శిస్తు లేదు కాబట్టి. మునిసిపాలిటీకి రాడు, కుళాయి లేదు కాబట్టి. రెండ్రోజులకి ఆఫీసులో ఎవరికో తట్టింది. కుజుడు ఎక్కడో లేడు, మన శివాలయం నవగ్రహ మండపంలోనే ఉన్నాడు! నవగ్రహాల్లో ఒకడు. అంటే దేవాదాయ శాఖ వారి స్థిరాస్తి.

ఫైలు గుడికి వెళ్ళింది. ఆలయ ఈవో కృష్ణకుమారి గారు దాన్ని చదివి బెదరలేదు.

“కుజుడు మా పరిధే. కాదనను,” అన్నారావిడ. “కుజుడికి మనుషులు కూడా ఉన్నారు. కుజదోషం ఉన్నవాళ్ళు. మంగళవారం మంగళవారం చీకటితోనే, ఎవరి కంటా పడకుండా వచ్చి ఎర్రగుడ్డా కందులూ ఇచ్చి ప్రదక్షిణం చేసి పోతారు. ఆ గ్రహంతో రాతపూర్వకంగా సంబంధం ఉన్నది ఈ ఊళ్ళో వాళ్ళకే. జాతకం రాతే కదండీ?”

ఆర్డీవో గారు కుర్చీలోంచి లేచి ఆవిడకి నమస్కారం పెట్టారు. శూన్యంలోంచి ఒక వర్గాన్ని పుట్టించడం బ్రహ్మకి కూడా ఇంత సులువుగా కాలేదు. కుజదోషం కలవారు కుజలోక వాస్తవ్యుల స్థానిక ప్రతినిధులని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. వారు సంఘంగా ఏర్పడి, సినిమా చూసి, అభ్యంతరం ఉన్నదీ లేనిదీ చెప్పాలి.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కుజదోషం ఉన్నవాళ్ళకి సంబంధాలు కుదరవు. అంచేత దాన్ని దాచుకుంటారు. మా ఊళ్ళో అవధాన్లుగారని సిద్ధాంతి ఉన్నారు. ఆయన పెళ్ళి చూపులకి ముందు ఏ జాతకంలోనైనా కుజుణ్ణి ఏడో ఇంట్లోంచి లేపి తొమ్మిదో ఇంట్లో పెట్టగలరు. ముప్ఫై ఏళ్ళుగా అదే ఆయన బతుకుతెరువు. ఊళ్ళో కుజదోషం ఉన్నవాడంటూ పైకి ఒక్కడూ లేడు.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు చూడాలి! సంఘంలో చేరినవాళ్ళకి గుర్తింపు కార్డులట, కమిటీలో కుర్చీలట, రేపోమాపో కార్పొరేషన్ కూడా పెడతారట. అవధాన్లుగారి అరుగు మీద జనం కిటకిటలాడిపోయారు. ఇన్నాళ్ళూ తీయించుకున్న దోషం ఇప్పుడు పెట్టించుకోడానికి వచ్చారు.

“మా అబ్బాయికి ఎనిమిదో ఇంట్లో ఎయ్యండి గురువుగారూ.”

“ఎనిమిది నిండిపోయింది. పన్నెండులో ఖాళీ ఉంది, కూర్చోబెట్టమంటావా?”

స్థలాల బ్రోకరు వీరరాఘవులు అందరికన్నా ముందు మేలుకున్నాడు. తన నిలువెత్తు బొమ్మతో నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టించాడు. ‘పుట్టుకతో కుజదోషం, గుండెలనిండా కుజాభిమానం. సంఘాధ్యక్షులు వీరరాఘవులు గారికి శుభాకాంక్షలు.’ ఆ ఫ్లెక్సీ మొదట చదివింది అతని భార్య. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఆవిడ కూరల సంచీ రోడ్డు మీదే పెట్టి, పుట్టింటికి ఫోన్ చేసి గట్టిగా ఏడ్చిందని, ఆ తరవాత తన జాతకంలోనూ దాచిన కుజుడు ఉన్నాడని ఒప్పుకుని మహిళా విభాగానికి అధ్యక్షురాలయిందని చెప్పుకున్నారు.

సంఘం పుట్టిన వారానికి చీలింది. ఏడో ఇంట్లో కుజుడున్నవాళ్ళు అసలైన కుజులమన్నారు. ఎనిమిదో ఇంటివాళ్ళు నష్టం ఎక్కువ పడింది మేమే గనక మాకే పెద్దపీట అన్నారు. పన్నెండో ఇంటివాళ్ళు తహసీల్దారు ఆఫీసు ముందు టెంటు వేసి కూర్చున్నారు. మంగళవారం సెలవు ఇవ్వాలన్నారు. కూడలిలో కుజుడి విగ్రహం పెట్టాలన్నారు. మండపంలో కుజుడి ముఖం నూనె జిడ్డుకి ఆనవాలు పట్టేలా లేదు గనక వీరరాఘవులు ఫొటో నమూనాగా ఇచ్చారు.

ఇదంతా చూసి నవ్వుకోవలసిన వాణ్ణే. కానీ దసరా ముంచుకొస్తోంది. మాస్టారు ఇప్పుడు మనుషుల్ని గొంతుబట్టే గుర్తుపడుతున్నారు. కాఫీ గ్లాసు చేతికిస్తే రెండు చేతులూ పట్టి తడుముకుంటున్నారు. నాకు లోపల మండిపోతోంది. ఆయన్ని వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకి వెళ్ళాను.

“వీరే కుజ చక్రవర్తి,” అన్నాను వీరరాఘవులుతో. “వీరి కంటే పెద్ద ప్రతినిధి మీకెక్కడ దొరుకుతాడు? వీరు సంతకం పెడితే చాలదా?”

“జాతకం ఉందాండీ?” అన్నాడు వీరరాఘవులు.

అవధాన్లుగార్ని పిలిపించారు. ఆయన మాస్టారి పుట్టిన వేళ అడిగి, వేళ్ళ మీద లెక్కించి, నాలిక్కరుచుకున్నారు.

“కుజుడు చాలా శుభ్రంగా ఉన్నాడండి. దోషం లేశమైనా లేదు.”

“ఒక్కటి పెట్టకూడదా?” అన్నాను ఆయన చెవిలో. “ఊరందరికీ పెట్టారు.”

“ఆర్డీవోగారు నిన్న కొత్తవి ఆపేశారు బాబూ. కోటా అయిపోయింది.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు కూడా పూజారి చేతిలోనే ఉన్నాడు. వీరరాఘవులు అంతటితో ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మాస్టారికేసి చెయ్యి చూపించాడు.

“అంటే ఏటండీ, కుజదోషం లేని మనిషి మా కుజ చక్రవర్తి ఏషం కట్టాడన్నమాట! అసలు అవమానం అక్కడే మొదలైంది. ఇది కూడా రాసుకోండి.”

రాసుకున్నారు.  బయటికొచ్చాక మాస్టారు నా భుజం పట్టుకుని, “వాళ్ళ తప్పేం లేదులే. ఆ రోజుల్లో నన్నూ ఎవరూ అడగలేదు, నీకు గ్రహబలం ఉందా అని,” అన్నారు. ఆయన నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

సంఘంవారూ అధికారులూ కలిసిన పరిశీలక సంఘం సినిమా చూసే రోజు ఖాయమైంది. అదే గుండెల మీద బండ. ఆ ప్రింటు ఆడేది ఒక్కసారి. ఆ ఒక్కసారీ వీళ్ళు చూసేస్తే మాస్టారికేముంది? పరుగెత్తుకుంటూ ఆర్డీవో గారి దగ్గరికి వెళ్ళాను.

“చూడకుండా అనుమతి ఇవ్వలేం,” అన్నారాయన.

“చూస్తే సినిమా ఉండదండీ.”

“చూసిన మీదట ఉండని యెడల అనుమతి సమస్య ఉత్పన్నము కాదు. చూడని యెడల అనుమతి ఉండదు. రెండు విధములా నిబంధన నెరవేరుచున్నది.”

“పోనీ మాస్టారిని ఒక మూల కూర్చోనివ్వండి. ఆయన దేనికీ అడ్డురారు.”

“ప్రతివాదిని సాక్షుల మధ్య కూర్చోబెట్టమంటారా?”

ఆ రోజు మోహినీ టాకీసులో సిమెంటు బస్తాలు ఒక పక్కకి సర్ది కుర్చీలు వేశారు. సంఘం తరఫున మూడు చీలికలవాళ్ళూ వచ్చారు, ఆర్డీవో గారు, ఈవో గారు, అవధాన్లుగారు. పకోడీలు వచ్చాయి. తలుపులు మూశారు. కుర్చీలు మోసింది మాత్రం నేనే, మోసి బయటికి రావలసి వచ్చింది, నాక్కూడా దోషం లేదు.

మాస్టారు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు, ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని. లోపల్నించి ప్రొజెక్టరు చప్పుడు, దాని మీద బాజాల మోత, మద్రాసు ఆయనెవరిదో గంభీరమైన గొంతు. ‘భూలోకవాసులారా’ అంటున్నాడు. ఆ గొంతు ఆగి సంగీతం మొదలవగానే మాస్టారు నా మోకాలి మీద చెయ్యి వేశారు.

“ఇదిగో. ఇక్కడ మెట్లు దిగి వస్తాను,” అన్నారు.

నేను ఆయన వంక చూడలేకపోయాను. గోడకి ఇటువైపు ఆయనున్నారు, అటువైపు ఇరవై ఏళ్ళ కుర్రాడప్పటి ఆయన కాళ్ళు నడుస్తున్నాయి. వాటిని చూస్తున్నవాళ్ళు పకోడీలు తింటున్నారు. ఈ జన్మలో నాకు ఎప్పుడైనా ఎవరినైనా కొట్టాలనిపించిందంటే ఆ పూటే.

తలుపులు తెరుచుకున్నాయి. ఆపరేటరు ముందుగా బయటికి వచ్చాడు, చేతిలో వెదురు బుట్ట. దాన్నిండా గోధుమరంగు పెళుసు రీలు ముక్కలు, ఎండిన ఆకుల్లాగ. నాకు చూపించి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. వెనకాలే పరిశీలక సంఘం వాదించుకుంటూ వచ్చి టాకీసు ఆవరణలో పడింది.

“ఘోరమైన అవమానం!” అన్నాడు వీరరాఘవులు. “ఆ నడకేటండీ ఆ నడక!”

ఆర్డీవో గారు గుమాస్తాని పక్కన నిలబెట్టుకుని నివేదిక చెప్పడం మొదలుపెట్టారు. “సదరు చక్రవర్తి అవమానకరముగా నడిచియుండెను... ఊహూఁ, ఇది చాలదు. ఏ విధముగా నడిచెనో వివరం ఉండాలి. పై ఆఫీసువారు అడుగుతారు. ఇంకొకసారి చూద్దామా?”

బుట్ట సంగతి నేను చెప్పాను.

“అలా అయితే జ్ఞాపకం ఉన్నవారు చూపించండి. గుమాస్తా చూసి రాసుకుంటాడు.”

వీరరాఘవులు ముందుకొచ్చాడు. పంచె ఎగ్గట్టి, కాలెత్తి, దబదబా నడిచాడు. “ఇలాగండి.”

“ఎడం కాలు కాదయ్యా, కుడికాలు,” అన్నాడు ఎనిమిదో ఇంటి నాయకుడు. “ఎడం కాలితో మొదలెడితే మీ ఏడో ఇంటికి అవమానం. కుడితో మొదలెట్టి మమ్మల్నే అన్నాడు.” అతనూ నడిచి చూపించాడు. పన్నెండో ఇంటాయన ఊరుకుంటాడా? అసలు అవమానం కాలెత్తడంలో కాదు, మెడ నిక్కించడంలో ఉందని ఆయన మెడ చాచి నడిచాడు. అవధాన్లుగారు ఒక చేత్తో పిలక పట్టుకుని నడిచారు. అలా ఒకరి తరవాత ఒకరు, మా ఊరి పెద్దమనుషులందరూ ఆవరణలో కాళ్ళెత్తి నడుస్తున్నారు. ఎవరికి వారు తమకి జరిగిన అన్యాయం పక్కవాడికి జరిగినదానికంటే పెద్దదని నిరూపించే పట్టుదలలో ఉన్నారు.

మాస్టారు బెంచీ మీంచి లేచి వరండా అంచుకి వచ్చారు. మిగిలిన ఆ ఒక్క కన్నూ చికిలించి చూస్తున్నారు. సాయంత్రపు ఎండ వాళ్ళ మీద పడుతోంది, ఆయనకి నీడలైనా ఆనుతూ ఉండాలి.

“ఆగాలి బాబూ,” అన్నారు ఉన్నట్టుండి.

అందరూ ఇటు తిరిగారు.

“కాలు గాల్లో ఆగాలి. మీరు ఆపకుండా దించేస్తున్నారు. కొంగకి తొందరుండదు. ఆగి, అప్పుడు దించాలి.”

నివేదిక సక్రమంగా ఉండాలన్న తపన ఆర్డీవో గారిది. “వారు చెప్పినట్టు చూపించండి. వివరం తప్పు పోకూడదు,” అన్నారు. ఈసారి ఈవో కృష్ణకుమారి గారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని ముందుకొచ్చారు. ఆవిడ కాలెత్తారు. ఎత్తి ఆపారు. దించాలా వద్దా అని ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఉండి, బరువు లేనట్టు దించారు. మళ్ళీ రెండో కాలు. ఆవిడ వెనకాల వీరరాఘవులు, ఆయన వెనకాల ఏడూ ఎనిమిదీ పన్నెండూ, ఆఖరికి వివరం సరిచూసుకోడానికి ఆర్డీవో గారు కూడా, వరసగా మోహినీ టాకీసు ఆవరణ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచారు. ఒక్కరూ నవ్వలేదు. ప్రభుత్వ కార్యక్రమం కదా.

“సదరు నడకను పూర్తిగా తొలగించిన మీదట చిత్ర ప్రదర్శనకు అభ్యంతరము లేదు,” అని ఆర్డీవో గారు ఒక కాలు గాల్లో ఉంచే చెప్పారు. గుమాస్తా రాసుకున్నాడు. మాకు అనుమతి వచ్చింది.

నేను మాస్టారి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. తుడుచుకుంటే ఆ కాసేపు చూపు పోతుందని కాబోలు. వాళ్ళు ఆ చివర మలుపు తిరిగి మళ్ళీ ఇటు నడిచి వస్తున్నారు.

“ఎలా ఉంది మాస్టారూ?” అన్నాను.

 ఆయన వరస దగ్గరికి వచ్చేదాకా చూసి, తృప్తిగా తలాడించారు.

“బాగానే చేశాడయ్యా కుర్రాడు.”